రెండోసారి అడగని ఉత్తరం

నా చిన్నప్పుడు మా తణుకు వీధిలో ఎవరైనా రష్యా వెళ్తున్నారంటే అందరూ ముందు స్వెట్టర్ల గురించే మాట్లాడేవాళ్లు. పక్కింటి అక్కకు అక్కడ డాక్టరు చదువుకు సీటు వచ్చినప్పుడూ అంతే. వాళ్ల నాన్నగారిది బెల్లం వ్యాపారం. కూతురు చలికి ఏమైపోతుందోనని ఆయన, ఏం తింటుందోనని వాళ్లమ్మ, ఇద్దరూ సలహా కోసం మా పెదనాన్న దగ్గరికి వచ్చారు. పెదనాన్న హైస్కూలు మాస్టారు. ఉపాధ్యాయుల బృందంతో ఆ దేశం ఒకసారి వెళ్లొచ్చారు. మా వీధికి తెలిసిన రష్యా అంతా ఆయనే.

ఆయన సలహాలేమీ చెప్పలేదు. అక్కనీ, ఆమెతో వెళ్తున్న మరో ఇద్దరినీ ఆదివారం భోజనానికి రమ్మన్నారు.

పెద్దమ్మ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసింది. వడ్డన మాత్రం ఆ రోజు పెదనాన్నదే. మొదట అందరికీ కాస్త కాస్త వేశారు. అది అయిపోయాక మళ్లీ గిన్నె పట్టుకొచ్చి, ఇంకొంచెం వేయమంటారా అని అడిగారు. అక్క విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, "వద్దండి మాస్టారూ, సరిపోయిందండి" అంది. మిగతా ఇద్దరిదీ అదే పాట. మా వైపు ఆ వద్దుకి అర్థం వేరు. రెండుసార్లు వద్దంటాం, మూడోసారికి చెయ్యి తీస్తాం. పెట్టేవాళ్లకూ అది తెలుసు. పెదనాన్న మాత్రం సరేనని గిన్నెతో వెనక్కి తిరిగారు.

"అదేంటండీ, పిల్లలు మొహమాటపడుతున్నారు" అంటూ పెద్దమ్మ రాబోతే కళ్లతోనే ఆపేశారు. ముగ్గురూ తెల్లన్నం వంక చూస్తూ కూర్చున్నారు. పంక్తి చివర తొమ్మిదేళ్ల నేనున్నాను. గిన్నె వెళ్లిపోతుంటే ఉండబట్టలేక, "నాకు వెయ్యి పెదనాన్నా" అని గట్టిగా అడిగాను. గిన్నెలో ఉన్నదంతా నా విస్తట్లోనే వేసేశారు.

అప్పుడు చెప్పారు. ఆ దేశంలో ఒక ముసలి పంతులమ్మ ఆయన్ని ఇంటికి పిలిచి యాపిల్ పళ్లు పెట్టిందట. మళ్లీ అడుగుతుంది కదా అని ఈయన వద్దన్నారు. ఆమె అది నిజమనుకుని పళ్లెం తీసేసింది. ఆ నాలుగు పళ్ల కోసం ఆమె పొద్దుటినుంచి మంచులో వరసలో నిలబడిందని, వీధిలోకి వచ్చాక దుబాసీ చెప్పాడు. అక్కడ ఏదైనా మీ ముందు పెట్టారంటే ఎవరో మీ కోసం నిలబడి తెచ్చినట్టని, కావాలంటే మొదటిసారే ఔననమని, ఒకసారి వద్దంటే వాళ్లు నమ్మేస్తారని పెదనాన్న చెప్పారు. పెద్దమ్మ దాచి ఉంచిన రెండో గిన్నె తెచ్చింది. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డంపెట్టలేదు.

ఆ పాఠం నాకు పుట్టుకతోనే వచ్చినట్టు చాలా రోజులు గొప్పగా తిరిగాను.

నా ఇంటర్ అయిన ఏడు అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి చదువు ముగించి అక్కడే ఆసుపత్రిలో చేరింది. నీకూ ఇక్కడ చదవాలని ఉంటే రాయి, దరఖాస్తు సంగతి నేను చూస్తానంది. ఆమె సెలవులకు వచ్చినప్పుడల్లా స్టెతస్కోపు మెడలో వేసుకుని తిరిగింది నేనే. నాకెంత కావాలో ఆమెకు తెలుసు. ఇంట్లో కూడా సరేనన్నారు. నేను మాత్రం, "వద్దక్కా, నీకెందుకు శ్రమ" అని రాసి పోస్టు చేశాను. మళ్లీ రాస్తుంది, బతిమాలుతుంది, అప్పుడు ఒప్పుకుందామనుకున్నాను. రెండు నెలలు పోస్ట్‌మాన్ కోసం వాకిట్లోనే ఉన్నాను. వచ్చిన ఉత్తరంలో మంచు గురించి ఉంది, వాళ్ల ఆసుపత్రి గురించి ఉంది, ఆ మాట లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. పిలిచి పెడితేనే పుచ్చుకోని నాకు ఎవరు పెడతారు?

మా ఆయన మందుల షాపులో కూర్చుని వేరేవాళ్లు రాసిన చీటీలు చదువుతూ నలభై ఏళ్లు గడిపాను.

అక్క ఒకసారి ఊరొచ్చినప్పుడు, ఎందుకు వద్దన్నావని అడిగింది. నువ్వు మళ్లీ అడుగుతావనుకున్నానక్కా అన్నాను. "ఆ రోజు పంక్తిలో అడిగి వేయించుకున్నదానివి నువ్వొక్కదానివే కదే" అంది.

మొన్న మా మనవరాలు భీమవరం కాలేజీ స్నేహితులతో వచ్చింది. వియత్నాం వెళ్తున్నారు, అక్కడి వాళ్ల ఇళ్లలో పది రోజులు ఉంటారట. ఏం సర్దుకోవాలి మామ్మా అని అడిగితే ఇదంతా చెప్పాను. తర్వాత పెసరట్లు తెచ్చి, ఇంకోటి వేయమంటారా అని ఒక్కసారే అడిగాను. "వద్దండి మామ్మగారూ" అన్నారు అందరూ. అంతా విన్నాక కూడా. పెదనాన్నలాగే పళ్లెంతో వెనక్కి తిరిగాను కానీ, ఎవరైనా పిలుస్తారేమోనని గుమ్మం దాకా మెల్లగా నడిచాను.

వాళ్లననడానికి నేనెవరిని? ఇప్పటికీ ఎవరేం ఇస్తామన్నా నా నోటికి ముందు వచ్చేది వద్దనే. ఆ వెంటనే పంక్తి చివర కూర్చున్న ఆ పిల్ల గొంతు వినిపిస్తుంది, నాకు వెయ్యి పెదనాన్నా అని. అక్కకు రాయాల్సిన జవాబు తొమ్మిదేళ్లప్పుడే నా నోట్లో ఉంది.