తొకునాగా గారు నడిపిన ఆట

తొకునాగా గారు వీడియో గేమ్ ఆడరు, నడుపుతారు. మా కొకురా ఊళ్లో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. ఏ ఆట చేతికిచ్చినా దాన్ని బస్సు చేసేస్తారు. పరుగు మీట ముట్టుకోరు. మలుపు వస్తే ఆగి, మైకు లేకపోయినా మైకు గొంతుతో, "కుడివైపు తిరుగుతున్నాం, దయచేసి పట్టుకుని నిలబడండి" అని చెప్పి, ఆ తర్వాతే తిప్పుతారు. ఎదురుగా రాక్షసుడు నోరు తెరుచుకుని ఉన్నా ఇదే వరస.

మాది స్టేషన్ వెనక, పైకప్పు వేసిన బజారులో పాత ఆటల కొట్టు. నాన్న పోయాక నేనే చూసుకుంటున్నాను. కొనేముందు ఆడి చూడ్డానికి ఒక టీవీ, దాని ముందు రెండు స్టూళ్లు ఉంటాయి. తొకునాగా గారు సెలవు రోజుల్లో వచ్చి, డ్రైవరు టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. రిటైరయ్యాక టోపీ పోయింది, రావడం మాత్రం రోజూ అయింది.

పక్క కొట్లో తవుడు వేసి ఉడికించిన చేపలు అమ్మే జైచుకి ఇదంతా టికెట్టు లేని వినోదం.

"ఇకుయో అక్కా, బస్సు ఎందాకా వచ్చింది?"

"వంతెన దగ్గరుంది."

"నిన్న కూడా వంతెన దగ్గరే కదా!"

"ముసలావిడ దాటుతోందట, ఆపారు."

"ఆవిడ బొమ్మ కదక్కా!"

"బొమ్మయితే మాత్రం రోడ్డు దాటొద్దా?" అన్నారు తొకునాగా గారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

నేనూ పకపకా నవ్వేదాన్ని. కానీ నాకో రహస్యం ఉంది. తెర గబగబా తిరిగితే నాకు కళ్లు తిరుగుతాయి, కడుపులో దేవుతుంది. ఆటల కొట్టు పెట్టుకుని ఈ మాట బయటికి ఎలా చెప్పను? చేపలమ్మేవాడు చేప వాసన పడదన్నట్టుంటుంది. వేరేవాళ్లు ఆడుతుంటే డబ్బాల దుమ్ము తుడుస్తూ అటు తిరిగేదాన్ని. తొకునాగా గారి బస్సులో మాత్రం ఆ బాధ లేదు. అది నా అదృష్టం అనుకున్నాను.

ఆ బస్సులో మేం ఎక్కువగా తిరిగింది 'పొగమంచు రేవు'లో. గొడుగు పట్టుకున్న ఒక పోస్ట్‌మ్యాన్ రేవు ఊళ్లో ఉత్తరాలు పంచుతాడు, ఆటంతా అంతే. చివరి ఉత్తరం ఎదురుగా ఉన్న దీవికి. పడవ ఎక్కుతాడు, మంచులో దీవి నీడలా కనబడుతుంది, ఆట అయిపోతుంది. అక్కడి ఊరు చూపించరు.

"ఆ ఊళ్లో ఎవరుంటారంటారు?" అనేదాన్ని.

"ఉత్తరం కోసం చూసేవాళ్లెవరో ఉంటారండీ," అనేవారు.

పన్నెండేళ్లలో ఈ రెండు మాటలు ఎన్నిసార్లు అనుకున్నామో లెక్క లేదు. ఆ ఊరి మీద నాకు బెంగ పట్టుకుంది. లేని ఊరి మీద బెంగేమిటని నవ్వితే నవ్వండి. ఉన్న ఊళ్ల మీద నాకెప్పుడూ ఇంత బెంగ పుట్టలేదు.

ఈ వసంతంలో రెండో భాగం వస్తోందన్నారు. రుచి చూడ్డానికి దాని నమూనా ఉన్న పెట్టె నాలుగు రోజులు ఉంచుకోమని మా కొట్టుకి పంపారు. మనిషికి పదిహేను నిమిషాలు. ఆడినవాళ్లు అభిప్రాయాల కార్డు నింపాలి, నేను పోగుచేసి పంపాలి.

తెర వెలగగానే ఇద్దరం ముందుకి వంగాం. పోస్ట్‌మ్యాన్‌కి చొక్కా లేదు. గొడుగు పోయి రెండు చేతుల్లో రెండు కత్తులు వచ్చాయి. కంపెనీవాళ్లు "ధైర్యంగా కొత్త దారి పట్టాం" అని అట్ట మీద రాశారు. దీవి ఒడ్డున ఆట మొదలు. ఊరు కొండకి అవతల, మధ్యలో దారంతా తోడేళ్లు.

"ఉత్తరాల సంచి ఏదండీ?" అన్నారు తొకునాగా గారు.

"ఉన్నట్టు లేదు."

"మరి ఇతను ఊళ్లోకి ఎందుకెళ్తున్నట్టు?"

నేను అట్ట తిప్పి చూశాను, అక్కడా రాయలేదు. ఆయన బస్సు తీశారు. "ఎడమవైపు తిరుగుతు..." అనేలోపే తోడేలు కరిచింది. మళ్లీ తీశారు, మళ్లీ కరిచింది. మూడు రోజుల్లో ముప్ఫై ఒక్కసార్లు పోయారు. అయినా ప్రతిరోజూ చిన్న చిన్న అక్షరాలతో కార్డు నింపి ఇచ్చారు.

"అక్కా, తోడేళ్లకి ఈ బస్సు టైములు బాగా అలవాటైపోయాయి," అన్నాడు జైచు.

నాలుగో రోజు ఐదింటికి కొరియర్ అతను వచ్చి పెట్టె తీసుకుపోతాడు. నాలుగున్నరకి కార్డులు కవరులో పెడుతుంటే తొకునాగా గారివి కంటబడ్డాయి. మూడు కార్డుల మీదా ఒకటే మాట.

"పరుగు వద్దనను. తెర తిరిగేముందు ఒక్క మాట హెచ్చరిక ఉంటే బాగుంటుంది. పక్కన కూర్చుని చూసేవాళ్లలో కళ్లు తిరిగేవాళ్లుంటారు. మా కొట్టావిడ అలాంటివారే. పైకి చెప్పరు."

కార్డులు పట్టుకుని టీవీ ముందున్న ఆయన దగ్గరికి వెళ్లాను.

"మీకెలా తెలుసు?"

"ముప్ఫై ఏళ్లు అద్దంలో జనం మొహాలు చూశానండీ. ఎవరి రంగు మారుతోందో తెలిసిపోతుంది."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచే. దుమ్ము లేని డబ్బా తుడుస్తున్నారు."

"మరి ఇంట్లో కూడా ఇలాగే ఆడతారా?"

ఆయన తల దించుకుని, "ఇంట్లో పరిగెత్తుతానండీ," అన్నారు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

నేను లేచి ఎదురుగా మందుల కొట్టుకి వెళ్లి, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర కొని అక్కడే మింగాను. పనిచెయ్యడానికి అరగంట పడుతుందని మాత్రల డబ్బా మీద రాసుంది. మాకు మిగిలింది ఇరవై నిమిషాలు. వచ్చి ఆయన పక్క స్టూలు మీద కూర్చున్నాను.

"ఈసారి చెప్పడాలు, ఆగడాలు వద్దు."

"ఎక్స్‌ప్రెస్సా?"

"ఎక్స్‌ప్రెస్సే."

"ఇకుయో గారూ, మీకు బాగుండదేమో..."

"పన్నెండేళ్లు ఆగానండీ. ఆ ఊరు నాకు చూపించండి."

ఇక చూడాలి ఆయన్ని! తోడేళ్లు దారి ఇచ్చి తప్పుకున్నట్టే ఉంది. దూకారు, దొర్లారు, మంటల మీంచి ఎగిరారు. చేపల గరిటెతో వచ్చిన జైచు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అక్కా, ఈయన మన బస్సాయనేనా?" అన్నాడు. నేను రెండు చేతులతో తొకునాగా గారి చొక్కా పట్టుకుని ఉన్నాను.

కొండ ఎక్కేసరికి పదిహేను నిమిషాల్లో ఇంకో పది సెకన్లే మిగిలాయి. ఆయన కత్తులు దించి నిలబడ్డారు. కింద ఊరు కనిపించింది. పెంకుటిళ్లు, పొగ, ఒక గుమ్మంలో దారి వైపు చూస్తూ ఎవరో మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో సమయం అయిపోయి తెర నల్లబడింది.

తొకునాగా గారు మెల్లగా నా వైపు తిరిగారు. నా కళ్ల ముందు ఆయన ఇద్దరై ఊగుతున్నారు.

"ఊరు ఎలా ఉందండీ?" అన్నారు.

"రెండు ఊళ్లూ బాగున్నాయి," అన్నాను.