నల్లరాయి లోపలి రంగులు

అశోక్‌నగర్‌లో ఓ పాత ఇల్లు పడగొట్టి సెల్లార్ తవ్వుతుంటే, బూడిదరంగు గ్రానైటు మధ్య నిలువునా నల్లటి పట్టీ ఒకటి బయటపడింది. అక్కడ రాళ్ళు మోసే రామమ్మది పాలమూరు వైపు ఊరు. ఉండేది దోమలగూడ బస్తీలో. ఎన్నో గోతులు చూసిన మనిషే. కానీ మధ్యాహ్నం అన్నం తిని ఆ నల్లరాతికి వీపు ఆనిస్తే నిద్ర ముంచుకొచ్చేది. కునుకులో రాయి మెత్తబడి మెల్లగా పైకి పాకుతున్నట్టుండేది.

ఒకరోజు ఆ వీధిలోనే ఉండే నర్మద, మేస్త్రీని అడిగి గోతిలోకి దిగింది. ఆమె నారాయణగూడలో ఒక కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు చెబుతుంది.

"అక్కా, జర ఈ నల్లదాంట్ల ఒక ముక్క తీసిస్తవా?"

రామమ్మ సుత్తితో అంచు కొట్టి ఇచ్చింది. "ఇది ఈడికి ఎట్లొచ్చింది మేడమ్?"

"శానా లోతుల రాయి కరిగింది. ఇనుము ఎక్కువున్న రసం అది. గ్రానైటు పగిలిన సందులకెళ్లి ఎక్కొచ్చి, ఈడనే చల్లారింది. రెండు వందల కోట్ల ఏండ్లు దాటింది."

రామమ్మ రాతి మీద అరచెయ్యి ఆనించింది. "నిద్రల నాకు ఇది పాకినట్టే అనిపిస్తది," అంది సిగ్గుపడుతూ.

నర్మద నవ్వలేదు. "అమావాస్యకు పని బంద్ గద, కాలేజీకి రా. దీని లోపల చూపిస్త."

రామమ్మ వెళ్ళింది. వెంట్రుక కన్నా పలచగా అరగదీసిన రాతిపొరను అద్దం మీద అతికించి, మైక్రోస్కోపు కింద పెట్టారు. ఆమె వంగి కన్ను ఆనించింది. నలుపు ఎక్కడా లేదు. నీలం, గులాబి, పసుపు. నర్మద రాతిపొర కింది పళ్ళెం తిప్పుతుంటే ఒకటి ఆరిపోయి ఇంకొకటి వెలిగేది. తర్వాత నర్మద ఏదో మీట జరిపింది. రంగులు పోయి, రాతిగింజల అంచుల్లో నాచులాంటి పచ్చదనం మిగిలింది.

"ఈ పచ్చది ఏంది మేడమ్?"

"అది తర్వాత వచ్చింది. చల్లారినంక ఎన్నడో మళ్ళ వేడి తగిలింది, నీళ్ళు ఊరినయి. అప్పుడు పాత గింజలు అంచుల నుంచి కొత్త గింజలైనయి."

"మళ్ళ కరిగిందా?"

"కరగలే. రాయి రాయిలెక్కనే ఉండి మారింది."

రామమ్మ మళ్ళీ వంగి చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

కొద్దిరోజులకే నల్లపట్టీ కాంక్రీటు గోడ వెనక్కి పోయింది. తట్టలు అందించిన వాళ్ళలో రామమ్మ కూడా ఉంది. ఆమెకు దిగులేం కలగలేదు. గోడ వెనక ఆ రంగులు అట్లాగే ఉన్నాయనిపించింది.

ఆ సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ భర్త ఈదయ్య ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వు చెప్పిన రాయి లోపల నిజంగనే పచ్చగుండెనా?"

"పచ్చగనే."

అతను ఇంకో వంకాయ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"మేడమ్ నన్ను గూడ రానిస్తదా?"