లేదు అన్న మాట

కార్తీక మాసం, శనివారం, పగలు. ఆత్మకూరులో మా ఇల్లు. ఉన్నవాళ్ళు: వరండాలో నేను, పెరట్లో నా కూతురు సుగుణ, ఫోన్‌లో నా అల్లుడు మాలకొండయ్య. నా భార్య కూరగాయలకు వెళ్ళింది. పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

ఏళ్ళ తరబడి ఒక మాటను మోస్తున్నాను. అందరం రోజూ అనే మాటే. భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. డైరీ రాయనిదే నిద్రపోను. ఏ రోజు ఏ పొలంలో గొలుసు వేశామో అన్నీ రాసుకున్నాను. ఇది మాత్రం రాయలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుక చెప్పగలుగుతున్నాను.

మాలకొండయ్యది సీతారామపురం దగ్గర పల్లె. తల్లీ తండ్రీ లేరు. సంబంధం చూసింది నేనే. పిల్లవాడు నెమ్మదస్తుడని నలుగురికీ చెప్పుకున్నదీ నేనే. పెళ్ళయిన మరుసటేడు గట్టు తగాదాలో ఒక మనిషి దెబ్బ తిని చనిపోయాడు. ఆ గుంపులో ఇతనూ ఉన్నాడని జైల్లో పెట్టారు. సుగుణ మా ఇంటికి వచ్చేసింది.

జైల్లో ఉన్నవాళ్ళు ముందుగా రాయించిన నంబరుకే ఫోన్ చేయాలి. అతను రాయించింది నా నంబరు. వారానికొకసారి, కాసేపే. గడువు కాగానే లైను దానంతటదే తెగిపోతుంది. మనం తిరిగి చేయడానికి వీల్లేదు. ప్రతి మాటా రికార్డవుతుందట. శనివారం వస్తే సుగుణ పొద్దున్నే తలస్నానం చేసి, నా ఫోన్‌ను తనే ఛార్జింగుకు పెట్టేది.

ఆ ఫోన్ అంటే నాకెందుకంత కంటగింపు? ఒకరోజు సెలూన్లో ఎవడో అడిగాడు: "ఏం సారూ, అల్లుడు ఫోన్ జేసినాడా? అల్లుడు మాంచి చోటే ఉండాడులే, అద్దె లేదు, కరెంటు బిల్లూ లేదు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గడ్డం సగంలో ఉంది, లేచి రాలేకపోయాను. ఆ అల్లుణ్ణి ఎంచినవాణ్ణి నేనే అన్న సంగతి నన్ను తినేసింది. అతను తప్పు చేశాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. నాకు కావలసింది అది కాదు. ఆ ఫోన్ ఆగిపోవాలి, అంతే.

ఆ కార్తీక మాసంలోనే సుగుణకు డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో ఉండగా వచ్చిన ఫోన్‌లో, పరిస్థితి బాగాలేదని అతనికి చెప్పాను. అది నిజమే. తర్వాతి శనివారానికి ఆమె ఇంటికి వచ్చేసింది. పెరట్లో ఎండలో మంచం మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. ఫోన్ నా చేతిలో మోగింది.

"మామా, నేను. సుగుణకు ఎట్లుండాది?"

"లేదు," అన్నాను.

ఇంట్లో లేదు అని చెప్పి పెట్టేద్దామనుకున్నాను. ముందు మాట నోట్లోనే ఉండిపోయింది.

"ఏంది మామా? లేదా? ఎప్పుడు మామా? నాకొక మాట కూడా..."

అప్పుడర్థమైంది, అతనికేమర్థమైందో. సరిదిద్దడానికి సమయం ఉంది. అతను ఏడుస్తున్నాడు, నేను వింటున్నాను. లైను తెగిపోయింది.

"ఎవురు నాయనా?" పెరట్లోంచి సుగుణ కేకేసింది.

"ఎవరో లోను ఇస్తారంటమ్మా."

"తీసుకో నాయనా. పెరట్లోకి ఒక ఫ్యాను కొనుక్కుందాం," అని నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు.

మళ్ళీ శనివారం ఫోన్ రాలేదు. ఆపైన ఎప్పుడూ రాలేదు. "ములాఖత్‌కు పోదాం నాయనా," అని సుగుణ బతిమాలింది. "నిన్ను రావద్దని కబురు పంపాడమ్మా," అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! కొన్నాళ్ళకు ఆమె నా ఫోన్ ఛార్జింగుకు పెట్టడం మానేసింది. నేనే పెట్టుకునేవాణ్ణి.

తర్వాత కేసు కొట్టేశారు. ఉదయగిరి బస్టాండులో ఒకసారి కనిపించాడు. తల నెరిసిపోయింది.

"బతికే ఉండాదంట గదా మామా. లాయరు చెప్పినాడు. నేను తనకొద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు గదా. చచ్చిపోయినానని చెప్పిస్తుందా మనిషి?"

ఆమె చెప్పించలేదురా, నేనే చెప్పాను, అనాలి. నీ బస్సెప్పుడని అడిగాను. నెల్లూరు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. సుగుణ నా ఇంట్లోనే ఉంది. భర్త తనను వదిలేశాడనుకుంటోంది. ఆమె తనను వదిలేసిందని అతననుకుంటున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నది నేను. నా ఆ మాట జైల్లో ఏ యంత్రంలోనో ఇంకా ఉండి ఉంటుందా? ఎవరైనా వింటారా? విన్నవాడికి మాత్రం అందులో ఏం దొరుకుతుంది? ఒక ముసలివాడు లేదన్నాడు, అంతే.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇంతవరకే: నోరు జారింది, లైను తెగింది. అది సగమే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్ళు మీరు కాదు. మిగతా సగం కూడా బయట పెడితే ఊపిరి కొంచెం ఆడుతుంది, అందుకు చెబుతున్నాను.

ఆ శనివారం దాటిన మరుసటి ఉదయం ఫోన్ మోగింది.

"అయ్యా, జైలు ఆఫీసు నుంచి మాట్లాడతా ఉండా. మీ అల్లుడు నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. భార్య పోయిందంటాడు. నిజమేనా? నిజమైతే కర్మకు పోలీసుల్ని తోడిచ్చి పంపించేదానికి వీలుంటాది. మీరొక మాట చెప్తే పెద్దసారును అడుగుతా."

గొంతు మంచివాడి గొంతు. ఈసారి తడబాటు లేదు. లైను తెగే భయమూ లేదు. ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

"పంపొద్దు బాబూ," అన్నాను. "అంతా అయిపోయింది."

"అయ్యో. చిన్న వయసేనా అయ్యా?"

అప్పుడే సుగుణ వంటింట్లోంచి వచ్చింది. ఇంకా నీరసంగా ఉంది, గోడ పట్టుకుని నడుస్తోంది. కాఫీ గ్లాసు నా పక్కన పెట్టి, చల్లారిపోతుందని సైగ చేసింది.

"చిన్న వయసే," అన్నాను, ఆమె వైపు చూస్తూ.

ఫోన్ పెట్టేసి, కాఫీ చల్లారకముందే తాగాను.