బావి పక్క కంద

విజయనగరంలో పొద్దున్న ఎనిమిదిన్నరకి పలాస వైపు వెళ్ళే ప్యాసింజరెక్కాను. చేతిలో ఖాళీ గోనెసంచి, జేబులో రెండు ప్లాస్టిక్ కవర్లు, మనసులో మా అక్క మీద అనుమానం. మొదటి రెండింటి సంగతీ మా ఆవిడకి తెలుసు. మూడోది చెప్పలేదు.

అక్క పేరు అప్పలనరసమ్మ. కోటబొమ్మాళి అవతల ఒక పల్లెలో ఒంటరిగా ఉంటూ కంద పండిస్తుంది. పల్లె పేరు రాయను. అక్కడివాళ్ళు ఆ దుంపలమ్ముకునే బతకాలి. మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. కంద పులుసు తప్ప మరేదీ సయించడం లేదంటే, రెండు నెలలుగా ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత అక్క దుంపలు పంపిస్తోంది. పోయిన వారం అలా తెచ్చినాయన సంచి దింపుతూ, "మీ అక్క మీకు పంపీవి ఏరు, తను వొండుకునీవి ఏరు మాస్టారూ" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ ఊరికి ఎగువన ఒక ఫ్యాక్టరీ ఉంది. దాని నీళ్ళు గెడ్డలో, అంటే ఊరి వాగులో పడి చెరువులోకి వస్తాయి. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. మంచివి తను ఉంచుకుని, చెరువు నీళ్ళవి మాకు అంటగడుతోందా? మట్టి పరీక్ష చేసేవాళ్ళని అడిగాను. భూమి బలం చూస్తాం గానీ విషం చూసే ఏర్పాటు మా దగ్గర లేదన్నారు. అయినా కవర్లు జేబులో పెట్టుకున్నాను.

చీపురుపల్లిలో ఇడ్లీ కొన్నాను. చట్నీ వాసన చూసి పక్కన పెట్టేశాను. అనుమానం మొదలైతే చట్నీని కూడా వదలదు. ఆమదాలవలసలో ఖాళీ చేపల గంపతో ఒకామె ఎక్కి, ఎక్కడికని అడిగింది. ఊరు చెప్పాను.

"ఆ ఊరి దుంపలు మేం కొనం బాబూ. ఆ నీళ్ళు మంచివి కావంట" అంది.

"మరి మీ చేపలో?"

"మాయి లోతు సముద్రంలోవి. పక్కూరోళ్ళవే నమ్మలేం."

ఎవరి సరుకు వాళ్ళకి శుభ్రమే. కోటబొమ్మాళిలో దిగేసరికి పదకొండు కావస్తోంది. స్టేషన్ బయట షేర్ ఆటో దొరికింది. నలుగురం నిండేదాకా అరగంట కదల్లేదు.

అక్క అన్నం పెట్టింది. నాకు పెద్ద గిన్నెలోంచి కంద వేపుడు వడ్డించి, పొయ్యి పక్కనున్న చిన్న గిన్నె తన ముందుకు లాక్కుంది. దొరికింది అనుకున్నాను.

"అందులో ఏంటక్కా?"

"అదీ కందేరా. నీకొద్దు."

చెయ్యి చాపాను. గిన్నె వెనక్కి జరిపేసింది. "ఒరే, సెప్తే ఇనవేటి? ఇది సెరువు నీళ్ళతో పండినాది. నీకు, పాపకి బావి పక్కది ఏరేగా పెంచుతన్నాను. నాకేటి, ముసిల్దాన్ని."

మా అమ్మాయి అక్కకి ఇప్పటికీ పాపే. నాకు సిగ్గేసింది. కంద దురదని చెప్పి నీళ్ళు తాగాను.

తిన్నాక బావి దగ్గరికి తీసుకెళ్ళింది. గుంటలు వరసగా తీసిన చిన్న మడి, ఏపుగా పెరిగిన ఆకు. "సెరువు నీళ్ళు సుక్క తగలనీలేదు. అంతా తోడి పోసిందే" అంది గర్వంగా. చుట్టూ నేల ఎర్రగా ఉంది. గుంటల్లో మాత్రం మట్టి నల్లగా ఉంది.

"ఈ నల్లమట్టి ఎక్కడిది?"

"నిరుడు సెరువు ఎండితే అడుగుమట్టి తోలించినాను. గుంటకి నాలుగు గంపలు. నాన్న ఏసీవోడు, మర్సిపోనావేటి? పాపకి బలం రావాలి కదా."

ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. నీళ్ళు ఎండిపోతాయి, వాటితో వచ్చింది అడుగున పేరుకుంటుంది. ఆ మాట అక్కడే చెప్పాలి. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను. రెండు కవర్లలో మట్టి తీసుకున్నాను. "మట్టెందుకురా, దుంపలట్టుకెళ్ళు" అని సంచి నింపేసింది.

సాయంత్రం నాలుగున్నరకి తిరుగు బండి. సంచి కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఎదురు సీటాయన ముచ్చటపడి, నాటుకోవడానికి ఒక్క పిలక ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. పిసినారిననుకుని మొహం తిప్పుకున్నాడు. అనుకోనీ.

పొందూరు దాటాక అక్కకి ఫోన్ చేసి, నల్లమట్టి సంగతి చెప్పాను. పరీక్ష చేయిస్తే గానీ ఖాయంగా చెప్పలేను, అప్పటిదాకా బావి పక్కవి ఎవరికీ పెట్టొద్దన్నాను.

"పాప తిన్నాదా?"

"తింది."

"తెలిస్తే అయ్యి నేనే తినీదాన్ని కదరా. సెరువు నీళ్ళవి మీకు పంపీదాన్ని."

"రెండూ వద్దక్కా."

"నాకున్న బూమి ఆ రెండు ముక్కలేరా" అని పెట్టేసింది.

అక్క మీద అనుమానం ఆ ఊళ్ళోనే వదిలేసి వచ్చాను. మట్టి మీద అనుమానం మాత్రం రెండు కవర్లలో జేబులోనే ఉంది. దాన్ని ఎవరికి చూపించాలో తెలియదు.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. నేను సంచితో వస్తానని మా అమ్మాయి అప్పటికే పులుసుకి చింతపండు నానబెట్టి కూర్చుంది.