కూర్చుంటేనే నడిచే మిషను

నాకు ఒకచోట కాలు నిలవదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో శామీర్‌పేట దగ్గర ఒక పెళ్ళిళ్ళ తోటకు మేనేజరుగా చేసేటప్పుడు ఈ గుణం మరీ ముదిరింది. పొద్దున్నే అల్వాల్ నుంచి స్కూటరు మీద వచ్చింది మొదలు తోటంతా చుట్టడమే పని. కుర్చీలో కూర్చుంటే ఎక్కడో ఏదో పాడవుతోందని గుబులు.

పాడవడానికి అక్కడ ఉన్నదల్లా గడ్డే. ఆరెకరాల గడ్డి. అంతకుముందు అది ద్రాక్షతోట. పందిరి రాళ్ళు పీకేసి, గుంతలు పైపైన పూడ్చి, మీద గడ్డి పరిచారు. దూరం నుంచి చూస్తే తివాచీలా ఉండేది. నడిస్తే మాత్రం కాలు మడతపడేది. దాన్ని ఆరేళ్ళుగా కోస్తున్నది రావల్కోల్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. నేను చాచా అనేవాణ్ణి. చిన్న మిషనును వెనక నుంచి తోస్తూ ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి ఈ కొస మళ్ళీ పెరిగి ఉండేది. ఆ ఏడు ఆయన నడుము పట్టేసింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు.

మా యజమానిని అందరూ పెద్దసార్ అనేవారు. ఆయన ఒకరోజు కారు అద్దం దించి, "గడ్డి గిట్లుంటె పెండ్లిళ్ళు ఎవరు జేస్తరయ్యా? ఉన్న మనిషితోని కాకపోతె కాంట్రాక్టుకు ఇచ్చెయ్యి" అన్నారు. కాంట్రాక్టంటే చాచా ఇంటికి పోవడమే. నేను కంగారులో, "కూసోని నడిపే మిషను కొందాం సార్, అదే మనిషి చేస్తడు" అనేశాను. "గది గూడ కాకపోతె ఇగ నన్ను అడగకు" అని ఆయన అద్దం ఎత్తుకున్నారు.

రాణీగంజ్‌లో దుకాణానికి చాచాను వెంటబెట్టుకుని వెళ్ళాను. రెండు మిషన్లున్నాయి. ఒకటి వెడల్పుగా కోస్తుంది కానీ, సీటు వంటింటి పీటలాగా ఉంది. రెండోది కొంచెం తక్కువే కోస్తుంది. అయితే దాని సీటు కింద మంచి స్ప్రింగులున్నాయి, వీపు ఆనించుకోవచ్చు, గుంతలో పడితే ముందు చక్రాలు నేలను బట్టి ఒరుగుతాయి. "కూసోని సూడు చాచా" అన్నాను. నేను నిలబడి ఉండగా ఆయన కూర్చోవడమా! "మీరే సూడుండ్రి సార్. మీకు మంచిగుంటె నాకు మంచిగున్నట్టే." ఎంత చెప్పినా వినలేదు. చివరికి నేనే ఎక్కి, నిమిషంలో దిగి, స్ప్రింగులదే ఖాయం చేశాను. ఆయన నడుము కోసం నేను కూర్చుని చూడటమేమిటో!

మిషను వచ్చిన రోజు నాకు మేడ్చల్‌లో పని పడింది. సాయంత్రం వచ్చేసరికి సగం తోట కోసేసి ఉంది. "నడుము ఉన్నట్టే తెలుస్తలేదు సార్" అన్నాడు చాచా. నా ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి మొదలైంది రోగం. నేను ఎప్పుడు వెళ్ళి చూసినా మిషను ఆగిపోయేది. "ఏందో సార్, మంచిగనే నడుస్తాంది, ఒక్కసారిగ బందయితాంది" అనేవాడు చాచా పరేషాన్‌గా. పెట్రోలు మార్పించాను, ప్లగ్గు తుడిపించాను. అరగంటకోసారి వెళ్ళి చూశాను, అరగంటకోసారి ఆగింది. వారంలో పెద్ద పెళ్ళి ఉంది, దానికి ముందు పెద్దసార్ వస్తారు. దుకాణం వాళ్ళను ఫోనులో నానా మాటలూ అన్నాను.

మెకానిక్ వచ్చి గంటసేపు నడిపాడు. ఒక్కసారీ ఆగలేదు. "ఎప్పుడు బందయితాంది?" అని చాచాను అడిగాడు. చాచా నా వంక చూసి నసిగాడు. "సార్ వచ్చినప్పుడు."

"అంటే నా మొఖం సూసి ఆగుతాందా?" కోపం నషాళానికంటింది నాకు.

మెకానిక్ చాచాను ఎక్కించి, కొంచెం దూరం పోనిచ్చి, నన్ను ఎదురుగా నడిచి వెళ్ళమన్నాడు. వెళ్ళాను. చాచా నన్ను చూసి, నుదుటికి చెయ్యి ఎత్తుతూ సీట్లోంచి లేచాడు. ఇంజను టక్కున ఆగింది.

మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సీటు కింద స్విచ్ ఉంటది సార్. మనిషి లేస్తె బ్లేడు ఆగాలె గద. వైరు గట్టి ఆ స్విచ్‌ను తప్పిస్త, ఏమంటరు?"

వద్దన్నాను. ఆ గుంతల్లో చాచా జారి పడితే బ్లేడు ఆయన మీదికే పోతుంది.

"ఇగ నన్ను సూసి లేవకు చాచా."

"కూసోని సలాం ఎట్ల పెడుత సార్? అదబ్ మర్యాద లేనోడు అనుకుంటరు."

"పెద్దసార్ వచ్చినా లేవకు. ఆయన ముందర ఆగిందంటె కాంట్రాక్టే." చాచా తల వంచుకుని సరేనన్నాడు.

పెద్దసార్ వచ్చి గట్టున నా పక్కన నిలబడ్డారు. చాచా సరిగ్గా మా ఎదురుగానే వస్తున్నాడు. దగ్గరికి వచ్చేసరికి ఆయన మోకాళ్ళు కదలడం చూశాను. ఆయన ఒక చేత్తో స్టీరింగు గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి నుదుటికి ఆనించి, మా మొహాలు చూడకుండా కూర్చునే దాటిపోయాడు. మిషను ఆగలేదు.

పెద్దసార్ చాచా మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నారు. "ఎవరయ్యా గాయన? కొత్తగ పెట్టినవా?"

"ఆరేండ్ల సంది ఉన్నడు సార్."

"గట్లనా? గడ్డి మంచిగైంది. ఉండనియ్యి."

సాయంత్రం చాచా భయపడుతూ వచ్చాడు. "పెద్దసార్‌కు కోపమొచ్చిందా?"

"లేదు చాచా. పని మంచిగైందన్నడు. నువ్వెవరని అడిగిండు."

చాచా మిషను తాళం నా చేతికిచ్చాడు. "ఇన్నేండ్లు లేసి సలాం పెట్టిన సార్. ఒక్కనాడు సూడలే. ఇయ్యాల లేవకపోతె సూసిండు."

పెద్దసార్‌ను ఏమైనా అందామంటే నాకు నోరు రాలేదు. అన్ని రోజులూ చాచా నా కళ్ళముందే లేచి నిలబడుతూ వచ్చాడు. నేను మిషను వంకే చూశాను.