నాకు అన్నం పెట్టినవాళ్ళు

సహోదరులారా, సహోదరీలారా, లేచి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు ముందు నేను వద్దన్నాను, ఎందుకంటే సాక్ష్యం చెప్పాలంటే చీకటి రోజుల దగ్గర మొదలుపెట్టాలి, నా చీకటి రోజుల్లో చనిపోయినవాళ్ళే ఎక్కువ. కానీ దేవుడు చేసిన మేలును కడుపులో దాచుకుని కూర్చోవడం కూడా తప్పే గదా, అందుకని నిలబడ్డాను. మధ్యలో ఆగిపోతే కొంచెం ఓపిక పట్టండి.

మాది చీరాలకు ఇవతల నల్లరేగడి పల్లె, పత్తి, మిరప తప్ప ఇంకొకటి ఎరగని ఊరు. మావాళ్ళంతా కూలినాలి చేసుకునేవాళ్ళు. నేను పుట్టిన నెలకే మా అమ్మ బాలింత జబ్బుతో పోయింది. నాయన నన్ను భుజాన వేసుకుని పెంచాడు. నాకు ఎనిమిదేళ్ళు వచ్చిన ఏడాది పత్తికి పురుగు విపరీతంగా పడితే, ఒక ఆసామి మా నాయనను మందు కొట్టడానికి పిలిచాడు. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు, గాలికి ఎదురుగా పొద్దుటినుంచీ కొడుతూనే ఉన్నాడు, మధ్యాహ్నం నేను అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి ఒళ్ళంతా మందు వాసన. దగ్గర్లో నీళ్ళు లేవు. చేతులు పంచెకు తుడుచుకుని, గట్టు మీద కూర్చుని, నేను తెచ్చిన అన్నం తిని, మళ్ళీ డబ్బా వీపుకు కట్టుకుని చేలోకి దిగాడు. సాలు చివరిదాకా పోలేదు, పడిపోయాడు. నోట నురగ వచ్చింది. బండి కట్టేలోపే ప్రాణం పోయింది.

ఊళ్ళో ఎవరూ ఆ మందును ఒక్క మాట అనలేదండీ! ఆసామిని అడిగినవాడు లేడు. పిల్ల తెచ్చిన అన్నం తిన్నాడు, పోయాడు, అన్నారు. ఆ తరువాత నన్ను సాకిన నాయనమ్మ కూడా రెండు మిరప కోతలు చూసి కళ్ళు మూసింది, ముసలిది, దగ్గు మనిషి, పోయే వయసే, అయినా ఆ లెక్క కూడా నా మీదే వేశారు. దినం రోజున మా పెద్దమ్మ వాకిట్లో నిలబడి అందరూ వినేటట్టు అంది, "దీనికి అన్నం పెట్టినోళ్ళు బతకలేదు, దీని చేతి కూడు తిన్నోళ్ళూ బతకలేదు. తల్లి పోయె, తండ్రి పోయె, ముసల్దీ పోయె. ఇంక మన వంతేనా ఏందయ్యా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. దయ్యం పట్టినవాళ్ళను మీరు చూసి ఉంటారు, అరుస్తారు, జుట్టు విరబోసుకుంటారు. మాట పట్టినవాళ్ళు అరవరండీ, బుద్ధిమంతుల్లా కనిపిస్తారు!

పెద్దమ్మ నన్ను మిరపకాయల కోతకు తీసుకెళ్ళేది. మావైపు కూలికి పోయిన ఆడవాళ్ళు మధ్యాహ్నం గట్టు మీద గుండ్రంగా కూర్చుని గిన్నెలు విప్పుతారు, ఒకరి పప్పు ఇంకొకరు వేసుకుంటారు, ఒకరి పచ్చడి ఇంకొకరికి పెడతారు, ఎవరి కూర వాళ్ళే తింటే అది కూలి భోజనమే కాదు. నన్ను మాత్రం అవతల సాలు పక్కన కూర్చోమనేవాళ్ళు. ఒకనాడు కొత్తగా వచ్చిన ఒక పడుచు నా గిన్నెలోంచి పచ్చడి తీసుకోబోతే, "దాని గిన్నెలో చెయ్యి పెట్టమాకే!" అని పెద్దమ్మ కేక వేసింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని కొంగుకు తుడుచుకుంది. నాకు కోపం రాలేదు. మంచి పని చేసింది, బతికిపోయింది, అనుకున్నాను.

చివరకు పెద్దమ్మ నన్ను మిషను బోర్డింగులో వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అక్కడి అయ్యగారు, అంటే మా పాదిరిగారు, నా చేతికి నంబరు రాసిన పలక ఇచ్చి గోడకు నిలబెట్టి ఫోటో తీయించారు. ఆ ఫోటోలు సముద్రం దాటిపోయేవి, అక్కడి విశ్వాసులు ఒక్కో బిడ్డను ఎంచుకుని వాళ్ళ తిండికీ చదువుకూ పంపేవాళ్ళు. మేము వాళ్ళను స్పాన్సరమ్మ, స్పాన్సరయ్య అని పిలుచుకునేవాళ్ళం, ఎవరికి స్పాన్సరు కుదిరితే వాళ్ళు ఆ రోజు నేలమీద నడిచేవాళ్ళు కాదు! నన్ను డోరతి అమ్మ అనే ఆవిడ ఎంచుకుంది. ఆమె ఫోటో వచ్చింది, తెల్లటి జుట్టు, నీలం స్వెట్టరు, బాగా చిక్కిపోయిన మొహం. పిల్లలంతా నా చుట్టూ మూగి గంతులేస్తుంటే నేను ఆ ఫోటోను చాప కింద దాచేశాను. నాకు అన్నం పెట్టేవాళ్ళు ఇంకొకరు వచ్చారు గదా!

ఆ రోజు చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "ప్రభువా, ఆ దూరదేశపు అమ్మకు నా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెబితే నన్ను ఎంచుకునేది కాదు. అంత దూరం నా పీడ పోకుండా నువ్వే అడ్డుపడు. నేను సగమే తింటాను, ప్రభువా. ఆమె పెట్టిందాంట్లో సగమే తింటాను."

అట్లాగే సగమే తిన్నాను. మిగతాది కాకులకు వేసేదాన్ని. బోర్డింగులో పిల్లలు వంతుల ప్రకారం వడ్డించాలి, నా వంతు వచ్చినప్పుడల్లా ఎవరినో ఒకరిని బతిమాలి వాళ్ళచేత వడ్డింపించి, వాళ్ళ బదులు నేను అంట్లు తోమేదాన్ని. ఇది చూసి, బోర్డింగులో మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే మేట్రనమ్మ అసెంబ్లీలో నన్ను ముందుకు పిలిచి, "ఈ పిల్లను చూసి తగ్గింపూ వినయమూ నేర్చుకోండి!" అని మెచ్చుకుంది. తగ్గింపా, నా తలకాయా! మీరంతా బతకాలని నేను మసిబొగ్గుల దగ్గర కూర్చున్నాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, చలికాలంలో, ఆ దేశం నుంచి కొంతమంది విశ్వాసులు మా బోర్డింగు చూడటానికి వచ్చారు. ఊరికే చూసిపోయేవాళ్ళు కాదు, మా భోజనాల హాలుకు తామే సున్నం కొట్టారు, మొహాల నిండా సున్నపు చుక్కలతో వాళ్ళు నిచ్చెనలెక్కుతుంటే పిల్లలు విరగబడి నవ్వారు. వాళ్ళలో ఒక పొడుగాటి ముసలాయన ఉన్నాడు, ఆల్బర్ట్ దొరగారు. అయ్యగారు నన్ను పిలిచి, నా తలమీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పారు. "ఈయన మీ డోరతి అమ్మగారి భర్తమ్మా. అమ్మగారు పోయిన వేసవిలో ప్రభువునందు నిద్రించారు. నిన్ను చూడాలని ఆమె చాలా ఆశపడిందట, ఆమె బదులు ఈయన వచ్చారు."

నేను ఏడవలేదు. సగం తింటే చాలుననుకున్నాను, సగం కూడా ఎక్కువే అయింది, అనుకున్నాను.

ఆ రోజు నుంచి అన్నం మానేశాను. పళ్ళెం ముందు కూర్చునేదాన్ని, కలిపేదాన్ని, నోటిదాకా పోయేది కాదు. మేట్రనమ్మ జ్వరమనుకుని మాత్రలు మింగించింది. పాపం ఆ దొరగారు బిస్కెట్లు పట్టుకుని వచ్చి నా చాప పక్కన నేలమీద కూర్చుంటే, నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం లేదు, ఆయన భార్యను నేనే తినేశాను గదా! "ప్రభువా, నన్ను తీసుకుపో, నేనుంటే ఇంకా ఎవరెవరు పోతారో," అని గోడకు చెప్పుకుంటూ ఏడ్చేదాన్ని. కాళ్ళు తేలిపోయేవి, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి.

వాళ్ళు వెళ్ళిపోయే ముందు రోజు భోజనాలు పెట్టారు. మా బోర్డింగులో ఒక ఆనవాయితీ ఉంది, వచ్చిన స్పాన్సరుకు ఆ బిడ్డే తన చేత్తో విస్తరిలో వడ్డించాలి. నేను రానని స్తంభం పట్టుకున్నాను. మేట్రనమ్మకు ఒళ్ళుమండింది. "అంత దూరం నుంచి నీకోసం వస్తే ఆ పెద్దాయనకు ఇంత ముద్ద వడ్డించలేవా? ఏం పొగరే నీకు!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అన్నం బేసిను నా చేతిలో పెట్టింది.

వడ్డించాను, సహోదరులారా. కళ్ళు మూసుకుని వేస్తే అన్నం సగం నేలపాలయింది. అన్నం పెట్టాను, గోంగూర పచ్చడి వేశాను, మావైపు పచ్చడి సంగతి మీకు తెలుసు గదా, కారానికి వెనకాడే జాతి కాదు మనది. ఆయన మమ్మల్ని చూసి చేత్తోనే కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంతే! పొలమారింది. దగ్గు మీద దగ్గు, మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళలో నీళ్ళు, చెయ్యి గాల్లో ఆడిస్తున్నాడు. నాకు మా నాయన కనిపించాడు. నా చేతిలో బేసిను జారి పడిపోయింది, నేను ఎంత గట్టిగా అరిచానంటే బయట గేటు దగ్గరవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారట. "తినొద్దు! నా చేతిది తినొద్దు! నా చేతి కూడు తిన్నోళ్ళు బతకరు! అమ్మగారిని నేనే మింగేశాను!"

అయ్యగారు వచ్చి నా పక్కన నేలమీదే కూలబడి, "ఏమంటున్నావమ్మా నువ్వు?" అని అడిగారు. అన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అందరి ముందూ చెప్పేశాను, అమ్మ సంగతి, నాయన సంగతి, నాయనమ్మ, పెద్దమ్మ అన్న మాట, సగం అన్నం, కాకులు, అంతా. మేట్రనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈలోగా దొరగారు నీళ్ళు తాగి తేరుకున్నాడు, బతికే ఉన్నాడు! ఈ పిల్ల ఏం చెబుతోందని అయ్యగారిని అడిగాడు. అయ్యగారు ఒక్కో మాటా ఆయన భాషలో చెప్పారు.

ఆయన చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. తరువాత మెల్లగా చెప్పడం మొదలుపెడితే, అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ మాకు తెలుగులో చెప్పారు. డోరతి అమ్మకు కడుపులో పుండు, మానని జబ్బు. అది తెలిసిన తరువాతే ఆమె నా ఫోటో చేతిలోకి తీసుకుందట. వాళ్ళకు పిల్లలు లేరు. ఈ స్థితిలో మనకు ఇంకో బిడ్డ భారం ఎందుకని ఆయనే వద్దన్నాడట. దానికి ఆమె, నా చేత్తో నేను ఏ బిడ్డకూ అన్నం పెట్టలేదు, పోయేలోపు ఎక్కడో ఒక బిడ్డ నా వల్ల కడుపునిండా తినాలి, అందట. మందులు వేసుకోవడం మరచిపోయినా నాకు పంపడం మరచిపోలేదట. ఇంత చెప్పి ఆయన నా మొహంలోకి చూసి ఒక మాట అన్నాడు, దాన్ని అయ్యగారు రెండుసార్లు చెప్పారు. "నీకు అన్నం పెట్టినందుకు ఆమె చనిపోలేదమ్మా. చనిపోతానని తెలిసే నీకు అన్నం పెట్టింది."

కడుపునిండా తినాలని ఆమె పంపిన అన్నమండీ, నేను కాకులకు వేసింది!

దొరగారు తన విస్తరిని కొంచెం ముందుకు జరిపి, మళ్ళీ వడ్డించమని సైగ చేశాడు. వడ్డించాను. కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, ముక్కు ఎగబీల్చుకుంటూ, ఆ కారం అంతా తిన్నాడు, ఒక్క మెతుకు మిగల్చలేదు.

ఆ క్షణాన నా భయం ఎగిరిపోయిందని చెబితే దేవుని ముందు అబద్ధమాడినట్టవుతుంది. ఆయన రైలెక్కి వెళ్ళాక కూడా, క్షేమంగా చేరానని కబురు వచ్చేదాకా నేను నిద్రపోలేదు. కానీ ఆ తరువాతి ఆదివారం సంస్కారపు ఆరాధనలో, ప్రభువు చివరి విందు జ్ఞాపకంగా అయ్యగారు రొట్టె విరుస్తుంటే, నా లోపల ఏదో తెగింది. రేపు చంపుతారని తెలిసి కూడా కూర్చుని తనవాళ్ళకు వడ్డించిన ప్రభువు గదా ఈయన! నన్ను పోషించినవాళ్ళు నా వల్ల చస్తారని నేను భయపడుతుంటే, నాకోసం చావడానికే వచ్చినవాడు ఒకడున్నాడు, చచ్చి లేచి, ఇంకా వడ్డిస్తూనే ఉన్నాడు! "ప్రభువా, నీ చేతిది తింటాను, నన్ను విడిపించు," అని ఒక్క మాటే ప్రార్థించాను. ఇంటికి, అంటే బోర్డింగుకు వచ్చి, పళ్ళెం నిండా తిన్నాను. ఆయనకే స్తోత్రం! తరువాత కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను, చదువుకున్నాను, అదే బోర్డింగులో టీచరునయ్యాను. మా ఆయన ఇక్కడే మగవాళ్ళవైపు కూర్చున్నాడు, పెళ్ళైన నాటినుంచీ నా చేతి అన్నమే తింటున్నాడు, ఎంత లావయ్యాడో మీరే చూడండి!

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం అయ్యగారు స్కూలుకు వచ్చి, చెప్పలేక చెప్పలేక, ఆల్బర్ట్ దొరగారు కూడా ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారని చెప్పారు. పెద్దమ్మ గొంతు మళ్ళీ వినిపించింది, సహోదరులారా, దాచను. ఇంకొకరు, అంది. అదే వేళకు హాల్లో పిల్లలు భోజనాలకు కూర్చుని ఉన్నారు, అందరూ తల్లో తండ్రో లేనివాళ్ళు, ఎవరి నెత్తిన ఏ మాట పడి ఉందో నాకేం తెలుసు? నేను వెళ్ళి బేసిను ఎత్తుకుని వరసగా అందరికీ వడ్డించాను. వడ్డించి, వాళ్ళ మధ్యనే నేలమీద కూర్చుని, ఏడుస్తూ, కడుపునిండా తిన్నాను. ఆ రోజు నాకు తెలిసింది, నా దేవుడు నన్ను నిజంగా విడిపించాడని!

ఈ మందిరంలో అలాంటి మాట మోస్తున్నవాళ్ళు ఉంటారు. నీ పాదం మంచిది కాదనో, నీ చెయ్యి మంచిది కాదనో, నీవల్లే పోయారనో ఎవరో అని ఉంటారు, మీరు నమ్మి ఉంటారు. అన్నవాళ్ళు మరచిపోయి సుఖంగానే ఉంటారు, మీరు మాత్రం సగం తింటూ బతుకుతుంటారు. మీ సంగతంతా తెలిసే మిమ్మల్ని ఎంచుకున్నవాడు ఒకడున్నాడు, ఆయనను నమ్మండి. ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంది, అన్నం నేనే వండాను. అలాంటివాళ్ళెవరైనా ఉంటే వెనక వరసలో దాక్కోకుండా ముందు నా దగ్గరకు రండి. నేను వడ్డిస్తాను. పక్కనే కూర్చుని మీ విస్తరిలోదే నేనూ తింటాను.