పైకెక్కిన తుంటి గిన్నె

ఒక మనిషిని ఊరికే మూడోసారి ఆపరేషన్ బల్ల ఎక్కించబోయిన ఘనత నాది. మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు, ఆయనకేమీ కాలేదు.

తొంభైల్లో మాట. భద్రాచలం దగ్గర ఒక చిన్న దవాఖానాలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. చదువు కొత్త, తెల్లకోటు కొత్త, పొగరు మాత్రం తాతలనాటిది. ఒకరోజు పినపాక నుంచి ముత్తయ్య అనే రైతు, భార్య సమ్మక్కతో వచ్చాడు. మొదట మార్చిన తుంటికీలు నిలవక, హైదరాబాదులో రెండోసారి మార్పించుకున్న మనిషి. ఆ కొత్త కీలులో తొడ ఎముక తల కూర్చునే గిన్నె కదిలిందేమో కొలవాలి.

మా డాక్టరుగారు ఊరెళ్తూ చెప్పారు. "పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టు. గిన్నెకు పైన ఎముకలో మేకు ఉంటుంది. అక్కణ్ణుంచి గిన్నె అంచు దాకా కొలువు. దూరం తగ్గితే గిన్నె పైకి జరిగినట్టు. ఏ సంగతీ నేనొచ్చేదాకా వాళ్లకు చెప్పకు."

చివరి మాట నా చెవికెక్కలేదు. కొత్త ఫిల్మ్ తీసి పాతదాని పక్కన పెడితే, రెండింటి పైభాగంలోనూ పొట్టిగా, తెల్లగా ఒకటి మెరిసింది. మేకు ఇదేనని స్కేలు పెట్టాను. బొటనవేలి మందాన దూరం తగ్గిపోయింది. భయమేసింది. కనిపెట్టింది నేనే కదా అని సంతోషమూ వేసింది.

"పెద్దాయనా, గిన్నె పైకెక్కింది. మళ్లీ కొయ్యాలి."

"నేను నడుసుకుంటనే వచ్చిన గద సారూ."

"అదే ఆశ్చర్యం," అన్నాను గంభీరంగా.

సమ్మక్క కూలబడింది. "రెండుపార్లు కోసిండ్రు. ఇంకోపారంటే ఈయన తట్టుకోడు సారూ."

ఆమె ఏడుపు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. మర్నాడు డాక్టరుగారొచ్చి, నా లెక్క నమ్మక, ఇంకో ఫిల్మ్ తీయమన్నారు. తీశాను. అందులో మేకే లేదు.

"సార్, మేకు ఒంట్లో ఎటో వెళ్లిపోయింది."

ఆయన ఫిల్ములన్నీ వెలుతురుకు పెట్టి చూశారు. "మేకు గిన్నెకు కాస్త పైనే ఉందయ్యా, సన్నగా. గిన్నె వెంట్రుకవాసి కదల్లేదు. మరి నువ్వు కొలిచిందేంటి?"

సమ్మక్క కొంగుముడి విప్పింది. "ఇదేమో సారూ. మొలతాడుకున్న వెండి తాయెత్తు. మొగోడు మొలతాడు తియ్యొద్దని నిన్న గట్లనే ఉంచుకున్నడు. మళ్ల కోతకు పోతే పట్నం దవాఖానల ఇది పోతదేమోనని పొద్దుగాల నూలుతాడు కట్టి, దీన్ని దాసిన."

అప్పుడు అర్థమైంది. పాత ఫిల్ములోనూ ఆ తాయెత్తే ఉంది, కాని అప్పటికి ముత్తయ్య బక్కపలచన. కోలుకుని బొజ్జ పెరిగాక మొలతాడు కిందికి జారింది. గిన్నె పైకెక్కలేదు, తాయెత్తే కిందికి దిగింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"అంటే కొయ్యరా సారూ?" అన్నాడు ముత్తయ్య.

"కొయ్యరు," అన్నారు డాక్టరుగారు.

ముత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, భార్యవైపు తిరిగాడు. "ఆ తాయెత్తు ఈ సారుకు కట్టవే. నాకంటె ఆయనకే ఎక్కువ అవసరం."

అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. మొలతాడు సంగతి తేల్చుకోనిదే ఎవరి తుంటిమీదా స్కేలు పెట్టను, వచ్చినవాడు మంత్రిగారైనా సరే.